పడుకుని చూసేదా, కూర్చుని చూసేదా

నేను పనిచేసిన షోరూము మాదాపూర్‌లో, మెట్రో స్తంభాల నీడ గుమ్మంలో పడేంత దగ్గరగా ఉండేది. కింద ఫోన్లు, మొదటి అంతస్తులో ఒకవైపు కంప్యూటర్లు, ఇంకోవైపు టీవీలు, ఆ పైన ఫ్రిజ్‌లూ మిక్సీలూ, అన్నిటికన్నా పైన మేనేజరు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం మిక్సీల దగ్గరే గడిచింది. చివరి కొన్నేళ్ళు మాత్రం కంప్యూటర్ సెక్షన్‌లో వేశారు. నా తెలివి చూసి వేశారని అనుకునేరు. ఆ సెక్షన్‌లో చేరిన ప్రతి కుర్రాడూ ఎదుటి అద్దాల మేడల్లో ఏదో ఒక ఉద్యోగం దొరకగానే మాయమైపోతున్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఎత్తుకుపోరని మేనేజరుకి గట్టి నమ్మకం.

ఈ మధ్య షోరూముల్లో కొత్తగా చేరిన పిల్లలు కనిపిస్తే, "మేడమ్, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అంటారు. అమ్మకానికి సూత్రాలేవో ఉన్నాయనుకుంటారు పాపం. ఉన్నాయి. ట్రైనింగ్‌లో చెప్పేవారు. గచ్చిబౌలిలో చల్లటి హాల్లో కూర్చోబెట్టి, టై కట్టుకున్నాయన ఎవరో వచ్చి బోర్డు మీద బాణాలు గీసి చెప్పేవాడు. నాకు మధ్యలో ఇచ్చిన సమోసాలు మాత్రమే గుర్తున్నాయి. కాబట్టి సూత్రం బదులు ఒక జంట సంగతి చెబుతాను. వాళ్ళు మా కౌంటరు దగ్గర ఒక్క వస్తువూ కొనలేదు. అయినా నా సర్వీసులో నాకు బాగా గుర్తున్న కస్టమర్లు వాళ్ళే.

మా సెక్షన్‌కి వచ్చే జనంలో సగం మంది అడిగేది ఒకటే. "క్యాజువల్‌గా వాడుకోవడానికి టాబ్లెట్ మంచిదా, తేలిక లాప్‌టాప్ మంచిదా?" ఈ 'క్యాజువల్' అనే మాటకి హైటెక్ సిటీలో మనిషికో అర్థం. హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని సిరీస్‌లు చూడటం ఒకరికి క్యాజువల్. ఆదివారం పూట బాసుకి తెలియకుండా బాసు పనే చేయడం ఇంకొకరికి క్యాజువల్. టాబ్లెట్ కొన్నవాళ్ళు నెల తిరక్కుండా వచ్చి కీబోర్డు కొంటారు, తర్వాత మౌస్ కొంటారు, తర్వాత అది నిలబడటానికి స్టాండు కొంటారు. అంతా అయ్యాక చూస్తే అది నాలుగు ముక్కల లాప్‌టాప్. లాప్‌టాప్ కొన్నవాళ్ళు దాన్ని పొట్ట మీద పెట్టుకుని సినిమాలు చూసి, పొట్ట కాలుతోందని వచ్చి మాతో గొడవపడతారు.

నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. "పండుకొని చూస్తరా, కూసొని చూస్తరా? టైపింగ్ పని ఉంటదా?" అని అడిగేదాన్ని. పడుకునేవాళ్ళకి టాబ్లెట్, టైపు కొట్టేవాళ్ళకి లాప్‌టాప్. మిక్సీ కొనేవాళ్ళని దోసె పిండికా, పచ్చళ్ళకా అని అడిగినట్టే. టాబ్లెట్ కంపెనీ మా దగ్గర పెట్టిన ప్రమోటరు ఒకతను ఉండేవాడు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదని ఎప్పుడూ దిగులుగా ఉండే మనిషి. నా పద్ధతి అతనికి నచ్చేది కాదు. "అక్కా, నువ్వు గిట్ల నిజం చెప్తె ఇగ నా టార్గెట్ ఏంగావాలె?" అని మొత్తుకునేవాడు.

ఒక శనివారం ఒక పెద్దావిడ వచ్చింది. పొట్టిగా, నిటారుగా, నల్లటి నర్సు బూట్లతో. ప్రభుత్వ దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరయిందట. పెళ్ళి చేసుకోలేదు. బోరబండలో సొంత ఇల్లు. తమ్ముళ్ళని చదివించి, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని పెంచింది. ఆ పిల్లల్లో ఒకడు, పెద్దయి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాడు, ఆవిడ వెంట వచ్చాడు. సెలవు రోజు కూడా మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఫోన్లో ఏదో పెద్ద పట్టిక వేసుకొచ్చాడు, టాబ్లెట్‌కి ఇన్ని మార్కులు, లాప్‌టాప్‌కి ఇన్ని మార్కులు అని.

"అత్తకి లాప్‌టాపే కరెక్ట్ మేడమ్. రిటైరయినాక కూడా ప్రొడక్టివ్‌గా ఉండాలి కదా. కొత్త స్కిల్స్ నేర్చుకోవాలి" అన్నాడు.

"ఉద్యోగం పొడుగూత ప్రొడక్టివ్‌గనే ఉన్న బిడ్డా" అంది ఆవిడ. "ఏండ్లకేండ్లు నిలబడే ఉన్న. ఇగ పండుకుంట. పండుకొని చూసేది గావాలె నాకు."

"అంటే టాబ్లెట్ అమ్మా" అని ప్రమోటరు ఆశగా ముందుకొచ్చాడు. "మా టాబ్లెట్ గురించి చెప్పాలంటే..."

"నాకు టాబ్లెట్ల గురించి చెప్పకు. నేను మింగించినన్ని గోలీలు నువ్వు చూసి కూడ ఉండవు" అంది.

అదే సమయంలో కౌంటరు అవతలి కొసన ఇంకొకాయన ఉన్నాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి పెట్టుకుని, లాప్‌టాప్ తెరని ముందుకీ వెనక్కీ వంచి చూస్తున్నాడు. కూకట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటాడు. భార్య పోయి చాలా కాలమైంది. తెనాలి దగ్గర నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడ ఒక సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేరాడట. హాలు పడగొట్టి కాంప్లెక్సు కట్టేదాకా అందులోనే చేశాడు. ఇప్పుడు ఇంట్లో టీవీ మనవరాలి కార్టూన్లకీ అల్లుడి క్రికెట్‌కీ సరిపోతోంది. అందుకని కూతురు, "మీకో టాబ్లెట్ కొనుక్కోండి నాన్నా, లాప్‌టాప్ మీకు అర్థం కాదు" అని పంపింది. ఆయన మాత్రం లాప్‌టాప్ దగ్గర పాతుకుపోయాడు.

అంటే ఇంటివాళ్ళు ఆవిడకి లాప్‌టాప్ అంటున్నారు, ఆవిడకి టాబ్లెట్ కావాలి. ఇంటివాళ్ళు ఆయనకి టాబ్లెట్ అంటున్నారు, ఆయనకి లాప్‌టాప్ కావాలి. నేను ఇద్దరి మధ్యలో నిలబడి ఉన్నాను. ఊరుకుంటే నా దారిన నేను రెండూ అమ్ముకునేదాన్ని. కానీ ఆయన ఊరుకోలేదు.

"ఏమీ అనుకోకండి మేడమ్ గారూ. బాబు చెప్పిందే సబబండి. బొమ్మనేది దాని కాళ్ళ మీద అది నిలబడాలి. మనం పట్టుకుని కూర్చోకూడదు. జనమంతా తెరని చేతుల్తో పట్టుకుంటే ఇంక సినిమా ఏం చూస్తారండీ?"

మేనల్లుడు పొంగిపోయాడు. "చూశావా అత్తా? అంకుల్ కూడా అదే అంటున్నారు. అంకుల్, కొంచెం మీరైనా చెప్పండి."

చూశారా, ఆ కుర్రాడే వాళ్ళని కలిపాడు. తర్వాత ఎంత ఎగిరినా ఏం లాభం?

"మీరు ఊరందరికీ చూపెట్టిన్రు. నేను ఒక్కదాన్నే చూస్త. నాకు నిలబెట్టుడెందుకు?" అందావిడ.

"నిద్ర పట్టిందనుకోండి, ముక్కు మీద పడుతుందండి."

"ముక్కు పలిగితె కట్టు కట్టుకునుడు నాకొస్తది."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు గానీ, టాబ్లెట్ పట్టుకున్న చెయ్యి కొంచెం దించింది. ఆ రోజు ఎవరూ ఏమీ కొనలేదు. వెళ్ళేటప్పుడు మేనల్లుడు తన నంబరు ప్రమోటరుకి ఇచ్చి, ఆఫర్లు వస్తే చెప్పమన్నాడు. ఈ నంబరు సంగతి మీరు మర్చిపోయినా ఫర్వాలేదు. మా ప్రమోటరు మర్చిపోయి ఉంటే బాగుండేది.

తర్వాతి వారం ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి వెంట ఎవరూ లేరు. వేరువేరుగానే వచ్చారు, ఒకరిని చూసి ఒకరు ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టారు. మా ప్రమోటరు ఆ ఆశ్చర్యాన్ని నమ్మాడు. నేను నమ్మలేదు. ఆయన చొక్కాకి ఇస్త్రీ ఇంకాస్త గట్టిగా పడింది. ఆవిడ నర్సు బూట్లు పోయి కొత్త చెప్పులు వచ్చాయి.

అప్పట్నుంచి అది అలవాటయింది. వారానికి రెండు మూడుసార్లు, మధ్యాహ్నాలు, షోరూము ఖాళీగా ఉండే వేళకి వచ్చేవాళ్ళు. వచ్చింది పోట్లాడుకోవడానికే. డెమో కోసం కంపెనీవాళ్ళు పెట్టే జలపాతం వీడియో ఉంటుంది కదా, దాన్ని ఆయన చూసి, "ఇంత నీలం నీళ్ళు ఏ ఊళ్ళో ఉంటాయండీ? రంగు ఎక్కువ పోశాడు వెధవ" అనేవాడు. ఆవిడ టాబ్లెట్‌ని తల మీదికెత్తి పట్టుకుని, కొంతసేపటికి, "సెలైన్ బాటిల్ పట్టుకున్నట్టే ఉన్నది" అని తనే ఒప్పుకునేది. ఆయన సంతోషపడేలోపు, "అయినా గిదే తీసుకుంట" అనేది. ఆయన కౌంటరు పైనున్న లైటు ఆర్పమని నన్ను బతిమాలేవాడు, చీకట్లో నలుపు నలుపుగా ఉందో లేదో చూడాలట. ఆవిడ వెనక్కి వాలే కుర్చీ తెమ్మనేది, పడుకున్నట్టు చూడాలట. ఒకసారి ఇద్దరికీ రెండు కుర్చీలు వేసి నేను పక్కకి వెళ్ళాను. వచ్చి చూస్తే లాప్‌టాప్‌లోనూ టాబ్లెట్‌లోనూ జలపాతాలు తిరుగుతున్నాయి. వీళ్ళిద్దరూ వాటికి వీపు పెట్టి కూర్చుని ఆయన కంటి శుక్లాల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఆయన కనురెప్ప కిందికి లాగి చూస్తోంది.

మా వాళ్ళు పందేలు వేసుకున్నారు. టాబ్లెట్ కొంటారని ప్రమోటరు. లాప్‌టాప్ అని కింద ఫోన్లమ్మే అమ్మాయి. టీవీ సెక్షన్‌లో ఒకతను ఉండేవాడు, భారీ మనిషి, మా అంతస్తులో ఏం జరిగినా అతనికి ముందు తెలియాలి. అతను మాత్రం, "పందెమెందుకు? కొంటే ఇంగ వాళ్ళకు ఈడికి వచ్చే పని ఉండదు గద. అందుకే కొంటలేరు" అన్నాడు. అది విన్నాక ఇంకెవరూ పందెం పెంచలేదు. మా అందరిలో అంత తెలివిగల మాట అన్నది అతనొక్కడే. ఆ సంగతి అతనికి మాత్రం తెలియదు.

పైన మేనేజరు సీసీ కెమెరాల్లో అన్నీ చూస్తుంటాడు. సిటీ మనిషి, మంచివాడే, కాకపోతే భయస్తుడు. ఒకరోజు నన్ను పిలిపించాడు.

"అక్కా, ఎవరీ ముసలోళ్ళు? రోజు వస్తరు, డెమో పీస్ ఛార్జింగ్ మొత్తం దించి పోతరు. ఒక్క బిల్లు లేదు. జర చూడు, రేపు ఏరియా హెడ్ సార్ వస్తుండు. ఈ ఏసీ కోసం కూసునే బ్యాచ్ గిన ఆయన కంట్ల పడితే నాకు పరేషాన్."

"కస్టమర్లే కదా సార్" అన్నాను.

"కొంటే కస్టమర్లు. కొనకుంటే చుట్టాలు. నీ సంగతి కూడ సార్‌తోని మాట్లాడుతున్న, ఇంకో సంవత్సరం ఉంచుదమని. నా మాట నిలబెట్టు" అన్నాడు.

నా రిటైర్మెంటు దగ్గర పడింది. ఇంకో ఏడాది ఉంటే బాగుంటుందని నేనే అడిగాను. ఇంట్లో కూర్చోవడం నాకు రాదు. కాబట్టి కిందికొచ్చి, ఆవిడ లిఫ్టు దగ్గరికి వెళుతుంటే ఆపాను. "అక్కా, రేపు మా పెద్దసారు వస్తుండు. రేపొస్తె కొనేటట్టు రాండ్రి. లేకుంటే ఎల్లుండి వచ్చి ఎంతసేపన్న కూసోండ్రి" అన్నాను.

ఆవిడ లిఫ్టు బటన్ మీద నుంచి వేలు తీసింది. "అయితే రేపే వస్తం. కొనేటట్టే వస్తం చెల్లె" అంది. 'వస్తం' అంది, 'వస్త' అనలేదు. ఆవిడ గమనించిందో లేదో గానీ, నేను గమనించాను.

మరునాడు షోరూమంతా పెళ్ళివారిల్లే. నేల తళతళ, మా టీషర్టులు తళతళ. వాళ్ళిద్దరూ అన్న మాట ప్రకారం వచ్చారు. ఈసారి కలిసి వచ్చారు. లాప్‌టాప్ ముందు నిలబడి, ఒకే ఇయర్‌ఫోన్లు చెరో చెవిలో పెట్టుకుని పాత పాటేదో చూస్తున్నారు. 'ఇవాళైనా బిల్లు పడుతుంది' అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

ఇక్కడే మా ప్రమోటరు తన జీవితంలో అత్యంత శ్రద్ధగా ఒక పని చేశాడు. పెద్దసారు వస్తున్నాడు, పెండింగ్ ఎంక్వైరీలన్నిటికీ ఫోన్లు చెయ్యండని పొద్దున మేనేజరు చెప్పాడు. ఇతను ఆ మేనల్లుడి నంబరు తీసి, "సార్, మీ అత్తగారు రోజూ వచ్చి అంకుల్‌తో కలిసి చూస్తున్నారు సార్, ఇవాళ కూడా వచ్చారు, ఇద్దరూ ఇంకా డిసైడ్ కాలేదు, మీరు కొంచెం చెబితే..." అని చాలా మర్యాదగా, పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పి, పని పూర్తయిందన్న తృప్తితో నావైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

మేనల్లుడి ఆఫీసు రెండు వీధుల అవతలే. ఎస్కలేటరు మెట్లు ఎక్కుతూ, దాని వేగం చాలక మళ్ళీ తను కూడా పరిగెత్తుతూ పైకొచ్చాడు. మెడలో కార్డు ఊగుతోంది.

"అత్తా! ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

ఆవిడ ఇయర్‌ఫోన్ తీయలేదు. "లాప్‌టాప్ చూస్తున్న. నువ్వే చూడుమంటివి గద."

"ఈయనెవరు?"

"అంకుల్. నువ్వే పిలిస్తివి."

ప్రమోటరుకి నవ్వొచ్చింది. అతని బూటు మీద నేను కాలు వేశాను.

"అందరూ నవ్వుతున్నారు అత్తా. ఈ వయసులో ఏంటిది? నాన్నకి తెలిస్తే ఏమనుకుంటాడు? మా ఫ్రెండ్స్ వస్తుంటారు ఈ షోరూముకి. ఏయ్, మేనేజర్ ఎక్కడ? ఏం నడుపుతున్నారు మీరిక్కడ?"

మేనేజరు కెమెరాలో చూసి అప్పటికే దిగొచ్చాడు. "సార్, సార్, జర నిమ్మళంగ సార్" అంటున్నాడు, కళ్ళు మాత్రం ఎస్కలేటరు వైపే ఉన్నాయి.

ఇదంతా జరుగుతుండగా ఆ పెద్దాయన మెల్లగా తన చెవిలోది తీశాడు. తన వైపు తీగ చిక్కుపడకుండా కౌంటరు మీద పెట్టాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "నా వల్ల మేడమ్ గారికి మాట రాకూడదండి. నేను వెళతాను" అని ఎవరి ముఖమూ చూడకుండా ఎస్కలేటరు వైపు నడిచాడు. అంతవరకూ మాకిది వినోదం. ఆయన నడక చూశాక మాత్రం మా అంతస్తులో ఒక్కరికీ నవ్వు రాలేదు.

"ఆగుండ్రి" అంది ఆవిడ.

పెద్దగా అరవలేదు. వార్డులో ఆ గొంతు వింటే పేషంట్ల బంధువులు బిస్కెట్ ప్యాకెట్లు దాచుకునేవాళ్ళని నాకు అనిపించింది. ఆయన ఆగాడు. మేనల్లుడు కూడా నోరు మూశాడు. ఆవిడ కూడా చెవిలోది తీసేసి వాడి ముందుకి వెళ్ళి నిలబడింది. వాడి గుండె దాకా వస్తుంది ఎత్తు.

"నీకు నేనంటే పాణం. నాకెర్కనే. దినాం ఫోన్ జేస్తవు. తిన్నవా అత్తా అంటవు, గోలీలేసుకున్నవా అత్తా అంటవు. నీ తమ్ముడు గదే అడుగుతడు, మీ నాయిన గదే అడుగుతడు. నేను నర్సునురా. గోలీలు ఏసుకునుడు నేను మర్సిపోతనా? మీకు గది తప్ప ఇంకోటి అడగస్తలేదు నాతోని. ఈయన ఏమడుగుతడు తెల్సా? బొమ్మ ఎట్లున్నదండీ అంటడు. నాకెట్లనిపిస్తుందని అడిగినోడు, ఇన్నేండ్లల్ల, ఈయనొక్కడే."

మేనల్లుడి ఆఫీసు కార్డు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. వాడేదో అనబోయి, పక్కనున్న ప్రింటరు కేసి చూశాడు. నేను కూడా ప్రింటర్ల వైపే చూశాను. ఆ క్షణంలో మా సెక్షన్‌లో ప్రింటర్లని చూడనివాళ్ళు లేరు.

సరిగ్గా అప్పుడే ఏరియా హెడ్ పైకొచ్చాడు. టై, చేతిలో ఫోను, వెనక ఇద్దరు మనుషులు. గుంపుని చూసి, "వాట్ ఈజ్ ద ఇష్యూ?" అన్నాడు. మేనేజరు నావైపు చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను మాట్లాడాల్సిన చోట మాట్లాడింది అప్పుడే.

"ఇష్యూ ఏం లేదు సార్. ఫ్యామిలీ మొత్తం వచ్చి డిసైడ్ చేస్కుంటున్నరు. ఇయ్యాల కొంటున్నరు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "గుడ్, గుడ్. సర్, మేడమ్, ఏం తీసుకుంటున్నారు? టాబ్లెట్టా, లాప్‌టాపా?"

ఆవిడ పెద్దాయన వైపు చూసింది. ఆయన అక్కడే, ఎస్కలేటరుకి సగం దూరంలో నిలబడి ఉన్నాడు. ఒకసారి లాప్‌టాప్‌ని చూశాడు, ఒకసారి టాబ్లెట్‌ని చూశాడు. తర్వాత ఆయన చూపు మా తలల మీదుగా నడవా దాటి అవతలి గోడకి వెళ్ళింది.

"అదండి" అని వేలు చూపించాడు.

అది టీవీ. గోడంత కాదు గానీ, పెద్దదే.

"ఇవి రెండూ ఒంటరిగా చూసుకునేవాళ్ళకండి" అన్నాడు, ఏరియా హెడ్‌కి కాదు, ఆవిడకి. "ఇంతకాలం పోట్లాడుకున్నామే గానీ, ఎవరికి వాళ్ళం చూసుకునే దాని గురించే పోట్లాడుకున్నాం. నాకిప్పుడే తట్టింది మేడమ్ గారూ. మీకిష్టమైతేనే."

 ఆవిడ టీవీ దగ్గరికి నడిచింది. వెనక ఆయన, ఆయన వెనక మేనల్లుడు, వాడి వెనక మేమందరం, ఏరియా హెడ్‌తో సహా. టీవీ సెక్షన్ భారీ మనిషి, తన పుట్టినరోజే వచ్చినట్టు, చేతులు తుడుచుకుని బిల్లింగ్ మెషీను ముందు కూర్చున్నాడు. మోడల్ చెప్పాడు, గ్యారంటీ చెప్పాడు, ఏదో టైపు చేశాడు. చేసి, తలెత్తకుండా మామూలుగా అడగాల్సిన ప్రశ్న మామూలుగా అడిగాడు.

"డెలివరీ ఏ అడ్రస్‌కి సార్?"

 ఆయన నోరు తెరిచి, కూకట్‌పల్లిలోని 'కూ' దాకా వచ్చి ఆగిపోయాడు. అక్కడ కూతురి హాల్లో ఇప్పటికే ఒక టీవీ ఉంది, ఒక అల్లుడున్నాడు, క్రికెట్ ఉంది.

"బోరబండ" అంది ఆవిడ. "స్టేషన్ పక్క సందు. మా ఇంటికి."

"ఎవరి పేరు మీద అమ్మా?"

"ఇద్దరివి రాయి."

"సిస్టమ్ ఒక్క పేరే తీసుకుంటదమ్మా."

"అయితే ఆయనది రాయి. ఇల్లు నాది. టీవీ ఆయనది ఉండనీ. రేపు ఎవరన్న ఇదెవరి ఇల్లని అడిగితే, ఆయనకు కూడ చెప్పుకునేందుకు ఏదన్న ఉండాలె గద."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇక మిగిలింది మేనల్లుడు. ఇప్పుడు వీడు అరుస్తాడా, ఏడుస్తాడా, వెళ్ళిపోతాడా అని మేమందరం వాడినే చూస్తున్నాం. వాడు టీవీ పక్కన అంటించిన కాగితం చదువుతున్నాడు. రెండుసార్లు చదివాడు.

"ఈ మోడల్ వద్దు" అన్నాడు చివరికి.  "దీని పానెల్ బాగుండదు. పక్కది తీసుకోండి. అంకుల్, మీకు బ్లాక్స్ సరిగా కనపడాలంటే పక్కదే."

పెద్దాయన దగ్గరికెళ్ళి పరీక్షగా చూశాడు. "నిజమేనండి. ఇందులో నలుపు నలుపుగానే ఉంది" అన్నాడు. అంతే, ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని నలుపు గురించి మొదలుపెట్టారు. ఆవిడ నావైపు చూసి, "ఇగ అయిపాయె. ఇద్దరైన్రు" అంది. గోడకి మేకులు కొట్టించే రోజు తనే దగ్గరుండి చూసుకుంటానని కూడా మేనల్లుడు చెప్పాడు. అలక తీరకుండానే చెప్పాడనుకోండి.

నా సంగతి అడుగుతారా? ఆ బిల్లు టీవీ సెక్షన్‌కి పడింది. ఇన్సెంటివ్ ఆ భారీ మనిషికి వెళ్ళింది. అన్ని మధ్యాహ్నాలు కుర్చీలు వేసి, లైట్లు ఆర్పి, ఛార్జింగులు పెట్టింది నేను. అతను నాకు టీ కూడా ఇప్పించలేదు. ఏరియా హెడ్ మేనేజరు వీపు తట్టి, "కస్టమర్ ఎంగేజ్‌మెంట్ అంటే ఇది" అని మెచ్చుకుని, మా సెక్షన్ లెక్క చూసి, ఇక్కడ మనుషులు ఎక్కువగా ఉన్నారని రాసి వెళ్ళాడు. కాబట్టి నాకు ఆ ఇంకో సంవత్సరం రాలేదు. అనుకున్న నెలలోనే రిటైరయ్యాను. శాలువా కప్పారు, కరెంటు కెటిల్ ఇచ్చారు. మేనేజరు మాత్రం నన్ను గుమ్మం దాకా దిగబెట్టి, "నేనైతే మస్తు చెప్పిన అక్కా, సార్ ఇనలేదు" అన్నాడు. నమ్మాను. చెప్పే ఉంటాడు, వినపడకుండా.

ఇప్పుడు చుట్టాలు ఫోన్ చేసి టాబ్లెట్టా లాప్‌టాపా అని అడిగితే నేను పాత ప్రశ్నలతో పాటు ఇంకోటి అడుగుతున్నాను. పక్కన ఎవరన్నా కూర్చుని చూస్తారా అని.  చాలామంది, "అదెందుకు పెద్దమ్మా, రేటు చెప్పు" అంటారు. సరేనని రేటే చెబుతున్నాను.

కొన్నాళ్ళకి ఆవిడ నన్ను భోజనానికి పిలిచింది. ఎంఎంటీఎస్ రైల్లో వెళ్ళి దిగితే ఇల్లు స్టేషనుకి అడుగుల దూరంలోనే ఉంది, రైలు వెళ్ళినప్పుడల్లా గిన్నెలు గణగణమంటాయి. టీవీ గోడ మీద కాస్త ఏటవాలుగా ఉంది. అది మేనల్లుడు దగ్గరుండి చూసుకున్న పని. తెర మీద ఏదో సీరియల్లో ఆస్పత్రి సీను నడుస్తోంది. ఆవిడ అన్నం గరిటె పట్టుకుని టీవీ మీద అరుస్తోంది. "సూది గట్ల పట్టుకుంటరా ఎవరన్న? పాణం తీస్తదేమో ఈ పోరి!"

"నిజమేనండి, కెమెరా కూడా తప్పు కోణంలో పెట్టాడు" అన్నాడాయన, కంచాలు వేస్తూ. కూతురు మొదట కొన్ని వారాలు మాట్లాడలేదట. ఇప్పుడు ఆదివారాలు మనవరాలిని తీసుకొస్తోందట. మనవరాలు ఇక్కడ కూడా కార్టూన్లే పెడుతోందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఫిర్యాదేమీ కనపడలేదు.

జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు. పచ్చిపులుసు నీళ్ళలా ఉందని ఆయన ఒకసారి అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి రెండోసారి అనలేదు, ఇంకొంచెం వేయించుకున్నాడు. తింటూ తింటూ నేను ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, మరి పెండ్లి సంగతేంది? రిజిస్టర్ ఆఫీసుకు ఎప్పుడు పోతరు?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"జల్దేమున్నది చెల్లె?" అందావిడ. "చూస్తున్నం."

మిక్సీల రోజుల్లో ఆ మాట అన్న కస్టమర్ని నేను ఎప్పుడూ వదల్లేదు. వెంటపడి, ఆఫర్ చెప్పి, రేపటికి ఉండదని భయపెట్టి, బిల్లు కౌంటరు దాకా నడిపించేదాన్ని. ఆ రోజు నోటిదాకా వచ్చిన మాటల్ని రొట్టె ముక్కతో పాటు మింగేసి, గిన్నెలో మిగిలిన పచ్చిపులుసు మొత్తం నా కంచంలో పోయమన్నాను.